మోటారు సైకిలు టైరు పనికి కావలసిన పనిముట్లను ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలా?

పల్లె దారుల్లో బండి నడిపేవారికి సర్కారు తుమ్మ ముల్లుతో పరిచయం తప్పదు. అది టైరులో దిగి, మొదలు విరిగిపోయి, మొన మాత్రం రబ్బరులో మిగిలిపోతుంది. పైకి ఏమీ కనిపించదు కానీ తెల్లారేసరికి చక్రం నేలకు కరుచుకుని ఉంటుంది. పంచరు కొట్టు పక్క వీధిలో ఉన్నవారికి ఇది పెద్ద సమస్య కాదు. కొట్టు ఊరికి దూరంగా ఉన్నవారికీ, తమ బండి పని తామే చేసుకోవాలనుకునేవారికీ మాత్రం నాలుగైదు పనిముట్లు చేతికింద ఉండడం అవసరం. వాటిలో చాలా వాటిని పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికే ముక్కలతోనూ, ఇంట్లో పారేయబోయే వస్తువులతోనూ తయారు చేసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా స్పోకుల చక్రం, లోపల ట్యూబు, 17 లేదా 18 అంగుళాల రిమ్ము ఉన్న మామూలు బండ్ల గురించి. టైరు పక్కభాగం మీద 80/100-18 అని అచ్చు వేసి ఉంటే వెడల్పు 80 మి.మీ., ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు పాళ్లు, రిమ్ము 18 అంగుళాలు అని అర్థం.

నేను మొదటిసారి ఈ పని మొదలుపెట్టినప్పుడు ఇల్లు కట్టగా మిగిలిన 12 మి.మీ. టోర్ కడ్డీ ముక్కను ఒక చివర సుత్తితో చదును చేసి, అదే టైరు రాడ్డు (టైరు అంచును రిమ్ము మీదుగా ఎత్తే మీట) అనుకున్నాను. టైరు ఊడింది, పంచరు అతికింది, టైరు మళ్లీ ఎక్కింది, కానీ గాలి నిలవలేదు. విప్పి చూస్తే పాత పంచరు చక్కగానే ఉంది. దానికి జానెడు దూరంలో, పాము కాటు వేసినట్టు రెండు కొత్త రంధ్రాలు పక్కపక్కనే ఉన్నాయి. అవి నా రాడ్డు మొన వేసిన గాట్లు. ఆ ఒక్క మధ్యాహ్నం మూడు అతుకులు వేశాక నాకు తెలిసింది ఏమిటంటే, టైరు పనిముట్టుకు బలం కంటే నునుపు ముఖ్యమని. అలా ఎందుకో అర్థం కావాలంటే టైరు రిమ్ములో ఎలా కూర్చుంటుందో ముందు చూడాలి.

టైరు రిమ్ములో ఎలా కూర్చుంటుంది

టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. మెకానిక్కులు దాన్ని బీడ్ అంటారు (పోత ఇనుముకు మనం వాడే బీడు అనే మాటతో దీనికి సంబంధం లేదు). ఆ ఉక్కు వలయం సాగదు, సాగకూడదు కూడా. రిమ్ము అంచు చుట్టుకొలత ఆ వలయం కంటే పెద్దది. అడ్డకొలతలో చూస్తే సుమారు ఒక అంగుళం తేడా ఉంటుంది. సాగని చిన్న వలయం పెద్ద అంచు మీదుగా ఎలా దాటుతుందన్న ప్రశ్నకు జవాబు రిమ్ము మధ్యలో ఉన్న లోతైన కాలువలో ఉంది. ఒక పక్కన బీడ్‌ను ఆ కాలువలోకి దించితే ఎదుటి పక్కన అంత మేర వదులు వస్తుంది, ఆ వదులుతోనే టైరు అంచు దాటుతుంది. ఎదుటి పక్కను కాలువలోకి తొక్కకుండా రాడ్డు మీద ఎంత బలం వేసినా బీడ్ తీగ తెగడమో, రిమ్ము వంగడమో, రాడ్డు జారి ట్యూబును కొరకడమో జరుగుతుంది. అందుచేత రాడ్డు చేయవలసిన పని చాలా చిన్నది: వదులైన అంచును మర్యాదగా ఎత్తి ఇవతల వేయడం. మనం తయారు చేసే పనిముట్లన్నీ ఈ లెక్క మీదే ఉండాలి.

టైరు రాడ్లు

రెండు రాడ్లు తప్పనిసరి, మూడు ఉంటే హాయి. మామూలు మెత్తని ఇనుము వంగిపోతుంది కాబట్టి దీనికి తగినది లారీల, జీపుల, చిన్న సరుకు బండ్ల కింద ఉండే కమాన్ కట్ట. ఆ స్ప్రింగు ఉక్కు వంగినా తిరిగి తన ఆకారానికి వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విరిగిన కట్టలు తుక్కు కింద తూకానికి దొరుకుతాయి. లారీల మరమ్మతు జరిగే ఏ ఊళ్లోనైనా అడిగితే ఇస్తారు. 6 మి.మీ. మందం ఉన్న పలుచని కట్టను ఎంచుకోండి. లారీ కట్టలు చాలా వరకు అంతకు రెట్టింపు మందం ఉంటాయి, వాటిని అరగదీయడం వృథా శ్రమ. విరిగిన చోటికి దగ్గరగా ఉన్న భాగాన్ని తీసుకోవద్దు, కంటికి కనిపించని చీలికలు అక్కడ ఉండవచ్చు.

కట్టను హ్యాక్సా బ్లేడు కోయలేదు. చేతి గ్రైండరుకు కోత చక్రం బిగించి 30 నుంచి 35 సెం.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు ఉన్న ముక్కలుగా చీల్చాలి. కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగవద్దు. గ్రైండరు అలవాటు లేనివారు వెల్డింగు కొట్టులో ఈ ఒక్క పనీ చేయించుకోవడం మంచిది. ముక్కను బెంచ్ వైస్‌లో బిగించి నాలుగు పొడవాటి అంచులనూ గుండ్రంగా అరగదీయండి. లోహం రంగు మారేంత వేడెక్కనివ్వకుండా తరచూ నీళ్లలో ముంచుతూ ఉండాలి.

ఇక మొన. చివరి 5 సెం.మీ. మేర మందం 6 నుంచి 3 మి.మీ.కు క్రమంగా తగ్గాలి, చివరి 2 సెం.మీ. గరిటె చివరలా కొంచెం పైకి వంగాలి, మొన అర్ధచంద్రాకారంలో ఉండాలి. ఆ చిన్న వంపే బీడ్ కిందకు వెళ్లి దాన్ని జారిపోకుండా పట్టుకుంటుంది. వంపు మరీ ఎక్కువైతే ట్యూబును కూడా వెంట లాక్కొస్తుంది. ఈ వంపు తేవడానికి కొలిమి కావాలి. మీ ఊళ్లో కమ్మరి ఉంటే ఆయనకు ఇది నల్లేరు మీద బండి నడక. ముక్కను నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, మొన సాగగొట్టి, వంచి ఇస్తాడు. అయితే అంతగా కాల్చిన తరువాత కట్టకు ఉన్న పదును, అంటే ఆ స్ప్రింగు గట్టిదనం, పోతుంది, దాన్ని తిరిగి పట్టించాలి. మొన భాగాన్ని అయస్కాంతం అంటుకోని దశ దాటి కొంచెం ఎక్కువ ఎర్రబడేలా కాల్చి నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగిలే అవకాశం ఎక్కువ. నూనె నుంచి మంట, పొగ లేస్తాయి కాబట్టి ఈ పని ఆరుబయట, మూత ఉన్న ఇనుప డబ్బాతో చేయాలి. అప్పుడు మొన గాజులా పెళుసుగా ఉంటుంది. ఒక పక్క ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్ది, రాడ్డు నడుము దగ్గర నుంచి మెల్లగా వేడి చేస్తూ పోతే ఆ మెరుపు మీద గడ్డి రంగు, తరువాత ఊదా, తరువాత నీలం వరుసగా మొన వైపు పాకుతాయి. నీలం కూడా దాటి బూడిద రంగు తిరిగినప్పుడు మంట నుంచి తీసి గాలికి చల్లారనివ్వండి. ఈ రంగులు పాకడం చూడడానికైనా ఈ పని ఒకసారి చేయవచ్చు.

చల్లారిన రాడ్డును వైస్‌లో బిగించి, మీద గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, గట్టిగా ఒకసారి వంచి చూడండి. విరిగేదైతే ఇక్కడే విరగాలి గానీ, ముఖం ముందు టైరులో ఉండగా కాదు.

చివరి పరీక్ష దూదితో. ఆకురాయితో, ఆ తరువాత 120, 220, 400 నంబరు ఎమరీ పేపర్లతో మొనను నున్నగా చేశాక చిటికెడు దూది తీసుకుని మొన చుట్టూ, రెండు వైపులా, వంపు లోపలా మెల్లగా తుడవండి. వేలికి తగలని సన్నని గరుకు కూడా దూదికి తగులుతుంది: ఒక పోగు సన్నగా సాగి మొనకు వేలాడుతుంది. ఆ పోగు ఎక్కడ వేలాడిందో అక్కడే మళ్లీ రుద్దాలి. నా రెండో జత రాడ్లకు ఈ పరీక్ష ఏడుసార్లు చేయవలసి వచ్చింది, కానీ ఆ జత ఇప్పటిదాకా ఒక్క ట్యూబును కూడా కొరకలేదు. ఇదే దూదిని దాచుకోండి, తరువాత టైరు లోపల ముల్లు వెతకడానికి పనికొస్తుంది.

రిమ్ము తొడుగులు, టైరు పీట

ఇనుప రాడ్డు రిమ్ము మీద ఆనే చోట గీతలు పడతాయి. స్పోకుల ఉక్కు రిమ్ముకు క్రోమ్ పూత లేస్తే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది; అల్యూమినియం రిమ్ముకైతే గాటే పడుతుంది. ఇంజను ఆయిలు వచ్చే ప్లాస్టిక్ డబ్బాను అడ్డంగా 12 సెం.మీ., నిలువుగా 8 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి, వేడినీళ్లలో ముంచి రిమ్ము అంచు మీద మడిస్తే చల్లారాక ఆ ఆకారంలో నిలుస్తాయి. ఒక్కో ముక్కకు రంధ్రం చేసి మూరెడు దారం కట్టండి. దారం లేకపోతే తొడుగు టైరు లోపల పడిపోతుంది, ఆ సంగతి గాలి కొట్టాక గుర్తుకొస్తుంది.

పీట కోసం కారుకు వాడి తీసేసిన పాత టైరు చాలు. దాన్ని నేల మీద పడుకోబెట్టి మీద చక్రం ఉంచితే డిస్కు, గొలుసు పళ్ల చక్రం మధ్యలోని ఖాళీలో దిగి నేలకు తగలకుండా ఉంటాయి, చక్రం కదలకుండా నిలుస్తుంది. ఈ పనిముట్టుకు చేయవలసినదల్లా లోపల నిలిచిన నీళ్లు ఒంపేయడమే.

బీడ్ విడగొట్టే చెక్క

ట్యూబు టైరు చాలా సార్లు మడమతో తొక్కితేనే రిమ్ము నుంచి విడిపోతుంది. ఏళ్ల తరబడి విప్పని టైరు, తుప్పు పట్టిన రిమ్ము, ట్యూబులెస్ టైరు మాత్రం మొండికేస్తాయి. ట్యూబులెస్ రిమ్ములో బీడ్ జారిపోకుండా చిన్న గట్టు కూడా ఉంటుంది, దాన్ని దాటించడానికి గట్టి ఒత్తిడి కావాలి. సుత్తితో మోదేవారిని చూశాను. దానివల్ల రిమ్ము అంచు నొక్కుకుపోవడం తప్ప ప్రయోజనం ఉండదు.

దీనికి పనికొచ్చేది ఒక చెక్క మీట. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి పలక అడుగున ఉండాలి. దాని ఒక చివర రెండు నిలువు చెక్కలను పక్కపక్కన, మధ్యలో రెండు అంగుళాల సందు వదిలి బిగించి, వాటికి అడ్డంగా 12 మి.మీ. బోల్టు పోయేలా వేర్వేరు ఎత్తుల్లో మూడు నాలుగు రంధ్రాలు చేయండి. ఆ సందులో ఐదడుగుల పొడవున్న మీట కర్రను దూర్చి బోల్టుతో కీలులా బిగించాలి. నల్లతుమ్మ గానీ, పాత తలుపు చట్రంలో తీసిన టేకు గానీ అయితే విరగదు. కీలు నుంచి పది అంగుళాల దూరంలో మీటకు మరో చిన్న బోల్టుతో వేలాడేలా ఒక అడుగు పొడవున్న తొక్కుడు చెక్కను అమర్చండి. ఆ చెక్క కింది అంచు సన్నగా, గుండ్రంగా, రిమ్ము వంపుకు సరిపోయేలా కొంచెం లోపలికి చెక్కి ఉండాలి. ఐదడుగులంటే 60 అంగుళాలు. దాన్ని పదితో భాగిస్తే ఆరు. అంటే మీట చివర 40 కిలోల బరువు వేస్తే టైరు మీద 240 కిలోలు పడుతుంది. మొండి టైరుకైనా అది సరిపోతుంది.

వాడేటప్పుడు వాల్వులోంచి గాలి పూర్తిగా తీసేసి, తొక్కుడు చెక్క అంచును రిమ్ముకు అర అంగుళం దూరంలో, టైరు మీద మాత్రమే ఆనించి నొక్కాలి. ఒకేచోట మొత్తం దించేయకుండా చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల కొంచెం కొంచెంగా నొక్కుతూ పోతే చప్పుడు చేసి విడిపోతుంది. దారిలో ఉన్నప్పుడు ఈ చెక్క ఉండదు కాబట్టి తోడున్నవారి బండి పక్క స్టాండును టైరు మీద, రిమ్ముకు తగలకుండా ఆనించి, బండిని మెల్లగా స్టాండు మీదకు వాల్చితే ఆ బరువుకు బీడ్ దిగుతుంది. బండిని ఒకరు పట్టుకునే ఉండాలి.

వాల్వు పిన్ను తీసేది, వాల్వు లాగేది

వాల్వు గొట్టం లోపల గాలి బయటకు పోకుండా ఆపే చిన్న మరనే వాల్వు పిన్ను అంటారు. దాని తల మీద ఎదురెదురుగా రెండు చదునైన రెక్కలు, మధ్యలో పైకి నిలిచిన సన్నని కడ్డీ ఉంటాయి. పాతకాలపు ఇత్తడి వాల్వు మూతలు మీ దగ్గర ఉంటే వాటిలో కొన్నింటి చివర చీలిక ఉన్న సన్నని కొమ్ము ఉంటుంది. అదే పిన్ను తీసే పనిముట్టు. లేకపోతే వాల్వు నోట్లోకి వదులుగా దూరే ఇనుప కడ్డీ తీసుకోండి. వైస్‌లో నిలువుగా బిగించి చివర నడిమధ్యన 2 మి.మీ. బిట్టుతో సెంటీమీటరు లోతు రంధ్రం చేసి, తరువాత ఆ రంధ్రం మీదుగా హ్యాక్సా బ్లేడుతో 4 మి.మీ. లోతు చీలిక కోయాలి. పిన్ను మధ్య కడ్డీ రంధ్రంలోకి, రెక్కలు చీలికలోకి సరిగ్గా కూర్చుంటాయి. రంధ్రం ముందు, చీలిక తరువాత అన్న వరుస తప్పితే బిట్టు పక్కకు జారుతుంది. కడ్డీ రెండో చివరను ఎల్ ఆకారంలో వంచితే పట్టు దొరుకుతుంది.

కొత్త ట్యూబు వాల్వును టైరుకూ రిమ్ముకూ మధ్య ఇరుకులోంచి రిమ్ము రంధ్రంలోకి తేవడం ఈ పని మొత్తంలో మనిషి సహనాన్ని పరీక్షించే ఘట్టం. వేళ్లు అక్కడికి పోవు, వాల్వు పక్కకు తిరిగిపోతుంది. రిమ్ము రంధ్రంలోంచి దూరేంత సన్నని ఇనుప వాల్వు మూత ఒకటి తీసుకుని పైన నడిమధ్యన 2 మి.మీ. రంధ్రం చేసి, తెగిపోయిన యాక్సిలరేటరు కేబులు లోపలి తీగను దాని చివరి గుండు మూత లోపల ఆగేలా దూర్చండి. తీగ రెండో చివర చిన్న పుల్ల కట్టండి. తీగను రిమ్ము రంధ్రం గుండా బయటి నుంచి లోపలికి పంపి, మూతను ట్యూబు వాల్వుకు బిగించి లాగితే వాల్వు తనంతట తానే దారి వెతుక్కుని వస్తుంది. దీనికి పట్టే సమయం పది నిమిషాలు. ఇది తప్పించే విసుగు లెక్కకు అందదు.

అతుకు పనికి కావలసినవి

పలుచని రేకు డబ్బాను అరచేతి వెడల్పున కత్తిరించి, చెక్క మీద పెట్టి, మేకుతో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడిచి, గరుకు వైపు పైకి ఉండేలా ఒక చెక్క ముక్కకు చుట్టి బిగిస్తే ట్యూబు గీకే గరుకు రేకు తయారవుతుంది. కొబ్బరి కోరులాగే ఉంటుంది, వంటింట్లోకి పోనివ్వకండి. అతుకు నొక్కడానికి చిన్న రోలరు కావాలి: 8 మి.మీ. బోల్టుకు 608 నంబరు బేరింగు తొడిగి నట్టు బిగిస్తే చాలు, ఆ బేరింగు రంధ్రం సరిగ్గా 8 మి.మీ. ఉంటుంది, బయటి కొలత 22 మి.మీ. బోల్టునే ఎల్ ఆకారంలో వంచి గుడ్డ చుట్టి పట్టుకోవచ్చు. సుత్తితో కొట్టినదాని కంటే దీనితో గట్టిగా దొర్లించిన అతుకు సమంగా అంటుకుంటుంది.

పాత ట్యూబును పారేయవద్దు. దాని లోపలి చుట్టుకొలత వైపు మూడు సెం.మీ. వెడల్పున వలయంలా కత్తిరిస్తే స్పోకుల నిప్పిళ్లు (స్పోకు చివరను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల వేసే పట్టీ అవుతుంది. వాల్వు ఉన్న చోట రంధ్రం ఎలాగూ ఉంటుంది. మిగిలిన ట్యూబులోంచి రబ్బరు బ్యాండ్లు కోసుకోవచ్చు. అతుకులు మాత్రం పాత ట్యూబులోంచి కోయకండి. ఇప్పటి బైకు ట్యూబులు చాలా వరకు బ్యూటైల్ రబ్బరువి. గాలిని బాగా నిలిపే ఆ గుణమే రెండు ముక్కలను మామూలు సొల్యూషన్‌తో (పంచరు జిగురుతో) అతకనివ్వదు. కొట్లో అమ్మే అతుకుల అడుగున అందుకు తగిన మెత్తని పొర ప్రత్యేకంగా ఉంటుంది.

పని జరిగే వరుస

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి చక్రం విప్పండి. వాషర్లు, స్పేసర్లు వచ్చిన వరుసలోనే ఒక పళ్లెంలో పేర్చండి. వెనక చక్రమైతే బ్రేకు టార్కు రాడ్డు (బ్రేకు పలక చక్రంతో పాటు తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ) నట్టును మరవకుండా గుర్తు పెట్టుకోండి, తిరిగి బిగించేటప్పుడు అది వదిలేస్తే ప్రమాదం. టైరు తిరిగే దిశ బాణం ఎటుందో చూసి, వాల్వుకు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత గీయండి. పంచరు ట్యూబులో ఎక్కడ దొరికిందో తెలిశాక ఈ గీతే టైరులో ముల్లు ఎక్కడుందో చెబుతుంది.

పిన్ను తీసి గాలి వదలాలి. రెండు పక్కలా బీడ్ విడగొట్టి, గిన్నెలు తోమే సబ్బును నీళ్లలో కలిపి గుడ్డతో అంచు పొడవునా పూయండి. గ్రీజు, డీజిలు, కిరసనాయిలు వాడవద్దు, అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. వాల్వుకు ఎదుటి పక్కన మోకాళ్లతో టైరును కాలువలోకి దించి, వాల్వు దగ్గర మొదటి రాడ్డును బీడ్ కింద దూర్చి ఎత్తండి, జానెడు దూరంలో రెండోది. రాడ్డు బీడ్‌ను దాటి లోపలికి ఎంత తక్కువ పోతే అంత మంచిది. రెండు మూడు పట్లకు మిగిలిన అంచు చేత్తోనే వస్తుంది. ఎక్కడైనా బలం వేయవలసి వస్తే ఆగి ఎదుటి పక్క చూడండి. అక్కడ బీడ్ కాలువలోంచి పైకి లేచి ఉంటుంది.

ట్యూబుకు కొంచెం గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు వస్తాయి. ఒక రంధ్రం దొరకగానే ఆపకుండా చుట్టంతా చూడండి, పంచరుతో కొంత దూరం నడిపిన బండికి రెండోది తరచూ ఉంటుంది. ఆరబెట్టి, అతుకు కంటే పెద్ద వలయంలో నలుపు మెరుపు పోయి బూడిద రంగు తేలేదాకా గీకి, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పలుచగా పూసి, వేలికి అంటని స్థితి వచ్చేవరకు ఐదు నిమిషాలు వేచి ఉండండి. తడి మీదే అతుకు పెట్టే తొందర వల్లే ఇంటి పంచర్లలో సగం ఊడిపోతాయని నా అనుమానం. అతుకు పెట్టి నడిమి నుంచి అంచులకు రోలరు దొర్లించి, పైన టాల్కం పౌడరు చల్లండి.

టైరు లోపలి భాగాన్ని దూదితో చుట్టూ తుడిస్తే ముల్లు మొన ఉన్నచోట దూది చిక్కుకుంటుంది. వేలితో వెతకకండి, మొన చీలి ఉంటే చర్మంలో దిగుతుంది. మొనను బయటి నుంచి పట్టుకారుతో లాగాలి, లోపలి నుంచి మేకుతో బయటకు పొడవవచ్చు.

ఎక్కించేటప్పుడు ట్యూబుకు దాని గుండ్రని ఆకారం నిలిచేంత గాలి ఉంచండి. పూర్తిగా ఖాళీగా ఉన్న ట్యూబు మడతపడి రాడ్డు కిందకు వస్తుంది. వాల్వును తీగతో లాగి నట్టును రెండు చుట్లు మాత్రం తిప్పి వదిలేయండి. విప్పేటప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టినట్టే ఎక్కించేటప్పుడు వాల్వు దగ్గర ముగించాలి, ఎందుకంటే వాల్వు ఉన్నచోట కాలువ నిండిపోయి బీడ్ కిందకు దిగదు. చివరి జానెడు అంచు ఎక్కించే ముందు వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే బీడ్ కింద ఇరుక్కున్న ట్యూబు తప్పుకుంటుంది. ట్యూబును రాడ్డు కొరికేది సరిగ్గా ఈ చివరి జానెడు దగ్గరే.

గాలి కొట్టి, టైరు పక్కన అంచు వెంట ఉండే సన్నని గీత రిమ్ముకు అన్నిచోట్లా సమ దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి దిగి ఉంటే గాలి తీసి, సబ్బు నీళ్లు పూసి, మళ్లీ కొట్టాలి. బీడ్ కూర్చోలేదని 40 పీఎస్ఐ దాటించి గాలి ఎక్కించవద్దు. చివరకు మీ బండి గొలుసు కవరు మీదో, పుస్తకంలోనో రాసి ఉన్న ఒత్తిడికి తగ్గించండి.

చేయకూడనివి, కొనవలసినవి

ట్యూబులెస్ టైరులో జిగురు తాడు దూర్చే సూదిని పాత స్క్రూడ్రైవరుతో తయారు చేశాను. కన్ను దగ్గర ఉక్కు పలుచబడి రెండోసారికే విరిగింది, విరిగిన ముక్క టైరులోనే ఉండిపోయింది. రంధ్రాన్ని గరుకు చేసే మర సూదినైతే ఇంట్లో చేయలేం. ఈ రెండూ కొనుక్కోండి. ఆ తాడు కూడా నేలకు ఆనే భాగంలో 6 మి.మీ. లోపు రంధ్రాలకే, టైరు పక్క చెంప చిల్లుపడితే టైరు మార్చవలసిందే.

పాత పిస్టన్‌ను ట్యూబు మీద బిగించి అందులో పెట్రోలు పోసి అంటించే వేడి పంచరును కొందరు ఇంట్లో ప్రయత్నిస్తుంటారు. వేడి అదుపులో ఉండదు, ట్యూబు మాడిపోతుంది, పక్కనే బండి ట్యాంకు ఉంటుంది. చల్లని అతుకు సరిగ్గా వేస్తే దాని అవసరమే రాదు. పాత ఫ్రిజ్ కంప్రెసరుతో గాలి యంత్రం చేసుకోవడం కూడా అలాంటిదే: ఒత్తిడి ఎక్కువైతే దానంతట అది ఆగే ఏర్పాటు ఉండదు, పైగా గాలితోపాటు నూనె తుంపర టైరులోకి పోతుంది. మంచి కాలి పంపు, నమ్మదగిన గేజీ మాత్రం డబ్బు పెట్టి కొనవలసినవే.

ఇక దారి సామాను. పాత జీన్సు కాలు ఒకటి మోకాలి దగ్గర కత్తిరించి, ఒక చివర కుట్టి, మధ్యలో నిలువు కుట్లు వేస్తే అరల సంచి అవుతుంది. రెండు రాడ్లు, రెండు తొడుగులు, పిన్ను తీసేది, వాల్వు తీగ, గరుకు రేకు, అతుకులు, సొల్యూషన్ గొట్టం, సుద్ద, చిటికెడు దూది, యాక్సిలు నట్టుకు సరిపోయే పానా అందులో పడతాయి. చుట్టగా చుట్టి ట్యూబు బ్యాండుతో బిగించి సీటు కింద పెట్టుకోండి. సొల్యూషన్ గొట్టం ఒకసారి తెరిస్తే నెలల్లో లోపల ఎండిపోతుంది, కాబట్టి సంచిలో ఎప్పుడూ తెరవని కొత్తదాన్నే ఉంచండి.